పట్టాల కింద పసుపు మూట

"అత్తా, ఆ పని ఒగ్గేసి ఓపాలి ఇటు రా. ఈ సెక్క మీద సెయ్యెట్టి సూడు."

మా కోడలు ఈశ్వరి ఆ మాటన్నప్పుడు నేను అంబలికి చోడిపిండి కలుపుతున్నాను. చెయ్యి కడుక్కుని, కొంగుకి తుడుచుకుని వెళ్ళాను. పెరటి వసారాలో పనస చెక్క ఒకటి ఇటుకల మీద పెట్టి ఉంది. కళ్ళు మూసుకుని అరచెయ్యి దాని మీద ఆనించి, ఈ కొసనుంచి ఆ కొసకి మెల్లిగా లాగాను. ముప్పావు దూరం పోయాక చెయ్యి రవ్వంత పైకి లేచింది.

"ఇక్కడ ఎత్తున్నాదే."

"ఎంత?"

"అర నూలు ఉంటాది."

నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. మా ఇంట్లో చెక్కపనికి మొదట్నించీ అదే కొలత. ఈశ్వరి ఇనపబద్ద నిలువుగా ఆనించి, కిందనుంచి వెలుతురు ఎంత వస్తోందో వంగి చూసింది. "ఓలమ్మో! సరిగ్గా అర నూలే. అత్తా, నీది సెయ్యి కాదు, మిషను!" అని పకపకా నవ్వింది.

డెబ్బై రెండేళ్ళు నాకు. నీ చెయ్యి ఏం చెబుతోందని నన్ను అడిగిన మొదటి మనిషి అదే. నాకు సిగ్గు ముంచుకొచ్చి, కొంగు నోటికడ్డం పెట్టుకుని వంటింట్లోకి వచ్చేశాను. ఆ సిగ్గు తియ్యటిది. నెల తిరక్కుండానే అదే చేత్తో నేను చేసిన పనికి కలిగిన సిగ్గు వేరు. అది ఇంకా పోలేదు. ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే లోపలే కుళ్ళిపోతుందని చెబుతున్నాను.

మేము కులానికి వడ్రంగులం కాదు. కోటబొమ్మాళి పక్కన వరి పండించుకునే వాళ్ళం. మా మావ నాగళ్ళు, బండి చక్రాలు బాగుచేసుకోబోయి ఆ పని చేతికి తెచ్చుకున్నాడు. ఆయన్ని చూసి మా ఆయన జగన్నాధం గుమ్మాలు, తలుపులు, మంచాల దాకా వెళ్ళాడు. పదిహేనో ఏట నేను ఈ ఇంటికొచ్చాను. మూడో తరగతి చదివాను. అక్షరాలైతే కూడబలుక్కోవాలి గాని అంకెలు నాకు బాగా వచ్చు. అప్పట్లో దుంగల్ని ఇంట్లోనే కోసేవాళ్ళు. దుంగని ఎత్తు మీద పెట్టి, పైన ఒకరు, కింద ఒకరు నిలబడి పెద్ద రంపం లాగాలి. పైన మా ఆయన, కింద నేను. రంపపు పొట్టంతా కిందవాళ్ళ కళ్ళల్లోనే పడుతుంది. మా మురళి కడుపులో పడ్డాక ఏడో నెల దాకా లాగాను. కూలికి ఎవర్నన్నా పెడదామంటే మా మావ, "ఇంట్లో మడిసుండగా కూలోడెందుకురా?" అన్నాడు. సాయంత్రానికి రెక్కలు పడిపోయేవి. ఆ రెక్కలతోనే వంట చేసి, ఆయనకి నీళ్ళు తోడి, రంపానికి నూనె రాసి అప్పుడు నడుం వాల్చాలి. చెక్కని గరుకుకాగితంతో రుద్దేది నేను, నూనె పట్టించేది నేను. చిత్రిక మాత్రం ముట్టనిచ్చేవాడు కాదు. "ఆడది సెయ్యెడితే పదును పోద్ది" అనేవాడు. ఎవరైనా వచ్చి మంచం బాగుందంటే, దాలమ్మ కూడా కష్టపడిందని ఒక్క మాట అంటాడేమోనని తలుపు చాటున నిలబడేదాన్ని. ఒకసారి వచ్చినాయనే అన్నాడు, మీ ఆవిడ కూడా సాయం చేసిందట గదా అని. మా ఆయన నవ్వాడు. "అదేటి సేసినాది? ఊరికే పట్టుకున్నాది" అన్నాడు.

సరే, ఊరికే పట్టుకున్నాను.

నాకు ముప్పై అయిదేళ్ళప్పుడు ఊళ్ళో ఒక షావుకారు మేడ కడుతూ గుమ్మం చెయ్యమన్నాడు. కొలత తియ్యడానికి వెళ్ళాం. టేపు మొదలు నేల దగ్గర నేను పట్టుకున్నాను, పై అంకె ఆయన చదివాడు. తీరా గుమ్మం చేసి తీసుకెళితే రెండంగుళాలు పొట్టిగా వచ్చింది. మంచి టేకు. షావుకారు కేకలేస్తున్నాడు, తాపీమేస్త్రీలు నవ్వుతున్నారు. మా ఆయన ఒక్క క్షణం ఆలోచించి నా వైపు చూపించాడు. "దీని సెయ్యే వంకర బాబూ. టేపు కొస సరిగ్గా పట్టుకోలేదు."

ఆ రోజునుంచి ఊళ్ళో నేను వంకరచెయ్యి దాలమ్మని. ముగ్గు వేస్తే, "సూడండే, వంకరచెయ్యి ముగ్గు" అని నవ్వేవారు. పెళ్ళిళ్ళలో వడ్డనకి నన్ను పిలిచేవారు కాదు, పప్పు విస్తట్లో పడదు, ఒళ్ళో పడుతుందని. ఎవరో అన్నారని కాదు, నేనే నమ్మాను. బిందె ఎత్తుతూ చెయ్యి చూసుకునేదాన్ని. పిల్లాడికి అన్నం పెడుతూ చూసుకునేదాన్ని. అలా ముప్పై ఏళ్ళు నమ్మాను.

మా ఆయన పోవడానికి ఏడాది ముందు, ఒక మధ్యాహ్నం ఆయన చిన్ననాటి స్నేహితుడు వస్తే టీ పెట్టి తీసుకెళ్ళాను. ఇద్దరూ పాత సంగతులు చెప్పుకుని నవ్వుకుంటున్నారు. "ఆ సావుకారి గుమ్మం గుర్తున్నాదేటిరా? నానే డెబ్బయ్యెనిమిదిని డెబ్బయ్యారని సదివీసినాను. మేస్త్రీల ముందు పరువు పోద్దని దీని మీదకి తోసీసినాను" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను, గ్లాసు అందిస్తూ. ఒక్క చుక్క ఒలకలేదు. గ్లాసు అందించి, పంచదార సరిపోయిందా అని అడిగి, లోపలికి వచ్చేశాను. వంకరచెయ్యి అంటే ఏమిటో తెలిసిన రోజున కూడా నేను నోరు తెరవలేదు. ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఇప్పటికీ ఆ రోజు తలుచుకుంటే ఆయన మీద కోపం కన్నా నా మీద నాకు సిగ్గే ఎక్కువ.

ఇంకొక్క సంగతి చెప్పాలి. గుమ్మం నిలబెట్టేటప్పుడు కింద పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళా, గింజలూ మూటకట్టి పెడతారు కదా. మా ఆయన చేసిన ప్రతి గుమ్మానికీ ఆ మూట కట్టేది నేనే. ఇంత పనిలో నా చేతిది అని నలుగురూ చూసేది అదొక్కటే. వంకరచెయ్యి అన్నవాళ్ళు కూడా మూట దగ్గర, "దాలమ్మ సేత కట్టించండి, అచ్చొస్తాది" అనేవారు. ఆయన పోయాక ఎవరూ అడగలేదు. నిరుడు మా పక్కింటి తవిటమ్మ కొడుకు ఇల్లు కడుతుంటే, గుమ్మం ఎత్తే రోజు అలవాటు చొప్పున పసుపు గుడ్డ చింపి పట్టుకుని వెళ్ళాను. తవిటమ్మ నా చెయ్యి పట్టుకుని, ప్రేమగానే, "అక్కా, నువ్వు కాసేపు ఆ ఎడంగా కూకో. ఏటీ అనుకోకు" అంది. నేనేమీ అనుకోలేదని చెప్పాను. ఆ గుడ్డముక్క ఇంటికి తెచ్చి బియ్యం డబ్బాలో దాచాను.

ఇప్పుడు ఈశ్వరి సంగతి. దాని పుట్టిల్లు గజపతినగరం. పది దాకా చదివింది. మా మురళి టెక్కలిలో టైల్సు కొట్లో పనిచేస్తాడు. తలుపుల మీద పువ్వులు చెక్కి అమ్ముదామని మూడేళ్ళ కిందట ఒక రూటర్ మిషను కొన్నాడు. చేతికింద పట్టే చిన్న మిషను, కింద బిట్టు గిర్రున తిరిగి చెక్కని తొలుస్తుంది. నాలుగు పువ్వులు చెక్కి, వేలు తెగితే విసుగొచ్చి గోనెసంచిలో పడేశాడు. దాన్ని ఈశ్వరి బయటకి తీసింది. ఫోన్లో చూసి నేర్చుకుంది. పొద్దున్నే లేచి వంట, అంట్లు, బట్టలు అన్నీ అయ్యాక, మళ్ళీ మాపటి వంటకి ముందు దొరికిన ఆ మధ్యాహ్నమే దాని పని. రొట్టెల పీటలు, దేవుడి మందిరాలు చేసి అమ్ముతోంది. "వంట మానీసి సెక్కపొట్టు వడ్డిస్తావేటి?" అని మురళి వెక్కిరించేవాడు. ఇది, "ఏపి పెడతాను, తిందువు గాని" అనేది.

పాతపట్నంలో పెళ్ళి సామాన్ల కొట్టు నడిపే ధనలక్ష్మి దీని పని చూసి, పది జతల పెళ్ళిపీటలు చెయ్యమంది. ఒక్కటే షరతు. అన్నీ అంగుళంపావు మందం ఉండాలి, జతలో రెండూ ఒక్క ఎత్తున ఉండాలి. ఫోన్లో ఆవిడ అన్నమాట నాకు వినబడింది. "పెళ్ళికొడుకు పీట ఎత్తయి పెళ్ళికూతురిది పల్లమైతే మొదటి రోజే తగువమ్మా!" మురళి పక్కనుంచి, "పెళ్ళికూతురిది కాస్త పల్లంగా ఉంటే ఏటట?" అన్నాడు. "నీది పల్లం సేసి సూపిస్తాను, ఉండు" అంది ఈశ్వరి.

కర్ర ఉంది. మా పెరటి పనసచెట్టు తిత్లీ తుపానుకి పడిపోతే మా ఆయన మిల్లులో కోయించి అటక మీద ఎండబెట్టాడు. పీటలకి లెక్కచూస్తే సరిగ్గా ఇరవై చెక్కలు వచ్చాయి, ఒక్కటి ఎక్కువ లేదు. కానీ ఒకటి అంగుళంనర, ఒకటి దానికన్నా లావు, ఒకటి కొసన సన్నం. అన్నీ ఒక్క మందానికి రావాలంటే పెద్ద మిషను కావాలి. ఈశ్వరి ఆటోలో వేసుకుని ఒక మిల్లుకి తీసుకెళితే అక్కడివాళ్ళు, "మీ ఇంట్లో మగోళ్ళు లేరా అమ్మా, నువ్వొచ్చినావు?" అని నవ్వి, రెండు వారాల తర్వాత రమ్మన్నారు. ఇంటికొచ్చి సంచి విసిరికొట్టింది. "అత్తా, మనింట్లోనే సేసీద్దాం" అంది.

నాలుగు రోజుల్లో చేసింది. చెదపట్టని పాత తలుపు ఒకటి ఇటుకల మీద బల్లలా పరిచింది. దానికి అటూ ఇటూ రెండు తిన్నని కర్రలు, వాటి నెత్తిన పాతసామాన్ల కొట్టులో ఏరితెచ్చిన ఇనప యాంగిళ్ళు. వాటిని పట్టాలు అంది. కావలసినంత ఎడంగా జరుపుకోడానికి వాటిని చేత్తోనే తిప్పగలిగే చెవులున్న నట్లతో బిగించింది. పట్టాల మీద అటూ ఇటూ జారేలా ప్లైవుడ్‌తో ఒక బండి, దాని మధ్యలో పొడుగాటి సందు. రూటర్ ఆ బండి మీద కూర్చుంటుంది, బిట్టు సందులోంచి కిందకి దిగుతుంది. చెక్కని పట్టాల మధ్యన కదలకుండా బిగించి బండిని నడిపిస్తే, ఎక్కడ ఎత్తుంటే అక్కడ గీసేస్తుంది. పల్లం జోలికి పోదు. అంతా గీసేసరికి చెక్కంతా ఒక్క మందం. "కోటబొమ్మాళి టేసను మనింటికొచ్చీసినాది అత్తా" అని నవ్వింది.

"మరి పట్టాలే ఎగుడుదిగుడుంటేనే?" అన్నాను.

"అదే గదా అసలు సంగతి. పట్టా ఎలగుంటే సెక్క అలగే వస్తాది. దారం పట్టుకో."

రెండు పట్టాల నాలుగు కొసలకీ ఐమూలగా రెండు దారాలు కట్టాం. అవి మధ్యలో ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు ఉండాలి. ఎడం ఉంటే ఏదో ఒక కొస ఎత్తని అర్థం. మూడుసార్లు సర్దితే నాలుగోసారికి కుదిరింది. "సూడు సూడు, ముద్దెట్టుకుంటన్నాయి" అంది ఈశ్వరి. నట్లు బిగించింది. మర్నాటినుంచి పని మొదలుపెడతానంది.

ఆ మర్నాడు పొద్దున్న అది కొళాయి దగ్గర బట్టలు ఉతుకుతోంది. నేను వసారాలో పొట్టు ఊడుస్తున్నాను. ఆ పట్టాలు, ఆ బండి, తలుపు బల్ల చూస్తుంటే నాకు గుమ్మం ఎత్తే రోజులా అనిపించింది. ఇంత పని మొదలవుతోంది, కింద ఒక మూట లేదు. మా ఇంట్లో ఆడది చిత్రిక పట్టబోతోంది, దానికి నా చేతిది ఏదీ లేదు. బియ్యం డబ్బాలోంచి ఆ గుడ్డముక్క తీశాను. రూపాయి బిళ్ళ పెట్టి నాలుగు మడతలు మడిచి ముడేశాను. అడిగితే ఈశ్వరి కాదనదు. కానీ మురళి వింటే ఏమంటాడో, తవిటమ్మ చూస్తే ఏమంటుందో! దొంగలా అటూ ఇటూ చూసి, కుడిపక్క పట్టా కొసన నట్టు వదులుచేసి, మూట కిందకి దూర్చి, మళ్ళీ బిగించి, కళ్ళకద్దుకున్నాను.

గుమ్మం కింద మూట పెడితే తాపీమేస్త్రీ సిమెంటు మెత్తి సరిచేస్తాడు. ఈ పట్టాకి సరిచేసేవాళ్ళెవరు? అర నూలు ఎత్తు అరచేత్తో చెప్పేదాన్ని, నాకు అది తట్టలేదంటే మీరు నమ్మాలి. నమ్మకపోయినా తప్పులేదు. నాకే ఒక్కోసారి నమ్మకం చాలదు.

ఆ మధ్యాహ్నం కరెంటు పోకముందే అవ్వాలని ఈశ్వరి ఆదరాబాదరాగా నాలుగు చెక్కలు గీసింది. ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని, కనురెప్పల మీద కూడా పొట్టుతో, బయటకొచ్చి నాకేసి చూసి నవ్వింది. సాయంత్రం మురళి వచ్చి రెండు చెక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టి ఒక మూల నొక్కాడు. టక్ మంది. మళ్ళీ నొక్కాడు. టక్. మిగతా రెండూ అంతే.

"ఇదేటే? పెళ్ళిపీటలా, ఉయ్యాల బల్లలా? నాలుగు సెక్కలు దిబ్బలో పోసినావు గదే! నాన్న ఏళ్ళ తరబడి దాచిన కర్ర. మల్లీ గీస్తే అంగుళానికొచ్చీస్తాయి, ఆవిడ తీసుకుంటాదా? ఆడదాని సేతికి మిషనిస్తే ఇలగే ఉంటాది."

ఈశ్వరి చెక్కని తిప్పి తిప్పి చూస్తోంది. నాకు చూడగానే తెలిసిపోయింది ఎత్తు ఏ మూలనుందో. వాళ్ళు వాకిట్లో ఉండగా నేను వసారాలోకి వెళ్ళి, నట్టు వదులుచేసి, మూట లాగి కొంగున ముడేసుకుని, నట్టు బిగించాను. బిగించి, వాకిట్లోకొచ్చి, "పోనీలేరా, తిండి తిందువు రా" అన్నాను. ఇదీ నేను చేసిన పని. మూట పెట్టడం పొరపాటు. తియ్యడం పొరపాటు కాదు, తెలిసి చేసింది.

ఎందుకంటే మర్నాడు ఈశ్వరి మళ్ళీ దారాలు కట్టింది. సరిగ్గా తాకాయి. ఇంకోసారి కట్టింది. తాకాయి. పట్టాల్లో తప్పులేదు, బండిలో తప్పులేదు, ఇంక మిగిలింది దాని చెయ్యే కదా. ఆదివారం ఉమాశంకర్ వచ్చి మిషను కొనుక్కుపోతాడని మురళి అప్పటికే చెప్పేశాడు. ఉమాశంకర్ మురళికి బావ వరస, రోడ్డు మీద తలుపుల కొట్టు ఉంది. ఈశ్వరి స్టీలు గ్లాసు అంచు దాకా నీళ్ళు పోసి, చెయ్యి చాపి పట్టుకుని, వసారాలో ఈ గోడనుంచి ఆ గోడకి నడుస్తోంది.

"ఏటే అది?"

"నా సెయ్యి వణుకుతన్నాదేటో సూసుకుంటన్నాను అత్తా. ఒలకలేదు. మరెందుకొచ్చినాది ఎత్తు?" గ్లాసు కింద పెట్టి, రెండు చేతులూ నా ముందు పెట్టింది. వేళ్ళ సందుల్లో ఇంకా పొట్టుంది. "నీ సెయ్యి తప్పు సెప్పదు గదా. నువ్వే సెప్పు. నా సెయ్యి వంకరా?"

ఆ మాట దానికి ఎవరూ చెప్పి ఉండరు. ఊరు నాకు పెట్టిన పేరు సంగతి దానికి తెలియదు, అది కాపరానికి వచ్చేసరికి ఊరు మర్చిపోయింది. దానికదే ఆ మాట దొరికింది. నేను అప్పుడన్నా చెప్పాలి కదా. మూట నా కొంగునే ఉంది. చెబితే మురళి కేకలు, తవిటమ్మ నోరు, ఊరంతా "మొగుడు పోయినోలు మూట పెట్టినాదట" అన్న మాట, అన్నీ కళ్ళముందు తిరిగాయి. 

"ఏమోనమ్మా," అన్నాను.

ఏమోనమ్మా! మా ఆయన కూడా నన్ను ఇంత మెల్లిగా తొయ్యలేదు.

ఆదివారం పొద్దున్నే ఉమాశంకర్ సంచి పట్టుకుని వచ్చాడు. మిషను చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూస్తున్నాడు. తవిటమ్మ కూడా గోడ దగ్గరకొచ్చి నిలబడింది. మురళి పట్టాల మీద చెయ్యి వేసి, "మా ఇంటిది రైలు నడిపినాది బావా, పట్టాలు తప్పీసినాది" అన్నాడు. ఉమాశంకర్, "పోనీలే సెల్లెమ్మా, ఇది మగోళ్ళకే అందదు" అని నవ్వాడు. నవ్వు చెడ్డది కూడా కాదు. షావుకారి మేడ దగ్గర తాపీమేస్త్రీలు నవ్వింది అలాగే. ఈశ్వరి టీ గ్లాసులు పట్టుకొచ్చింది. ఒకటొకటిగా అందిస్తోంది. ఒక్క చుక్క ఒలకడం లేదు. దాని మొహం చూశాను. ఆ మొహం నాకు తెలుసు. గ్లాసు అందించి, పంచదార సరిపోయిందా అని అడిగే మొహం.

"ఉమాశంకరూ, ఆ మిషను కింద పెట్టు" అన్నాను.

"ఏటత్తా?"

"పెట్టు ముందు. ఈశ్వరీ, దారాలు కట్టు."

నా గొంతు విని అది ఏమీ అడగకుండా కట్టింది. దారాలు తాకాయి. అందర్నీ దగ్గరకొచ్చి చూడమన్నాను. అప్పుడు కొంగు ముడి విప్పి, పసుపు మూట బయటకి తీసి, కుడి పట్టా కొసన నట్టు వదులుచేసి, కిందకి దూర్చి బిగించాను. మధ్యలో దారాలు విడిపోయాయి. బియ్యపుగింజ దూరేంత ఎడం.

"దాని సెయ్యి వంకర కాదు. ఈ మూట నాను పెట్టినాను, పని మొదలెట్టిన పొద్దున్న. మీరు కేకలేస్తుంటే మల్లీ నానే తీసీసినాను. రెండ్రోజులు సెప్పకుండా ఊరుకున్నాను."

తవిటమ్మ మూట కేసి చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. మురళి మొహం ఎర్రబడింది. "నీకేటి బుర్ర పోనాదా అమ్మా? నాన్న పోయినాక నువ్వు ఇలాటి వాటికి సెయ్యెట్టకూడదని తెల్దా? అందుకే ఇలగయ్యింది."

"రూపాయి బిళ్ళ మందం వల్ల అయ్యిందిరా," అన్నాను. "మొగుడున్న ఆడది పెట్టినా అంతే ఎత్తొచ్చును."

ఈశ్వరి మాత్రం ఎవరి మాటా వినడం లేదు. నన్నే చూస్తోంది. అది ఏడ్చి నన్ను కావిలించుకుంటుందని ఎక్కడో ఆశ పడ్డానేమో, ముసలిదాన్ని. అలా జరగలేదు. 

"రెండ్రోజులత్తా," అంది. "రెండ్రోజులు నా సెయ్యి నాను సూసుకున్నాను. నిన్నడిగినాను."

అంతే. వెళ్ళి ఉమాశంకర్ ముందున్న మిషను తీసుకుంది. "అన్నయ్యా, ఇది అమ్మకానికి లేదు."

"కొన్నది నాను," అన్నాడు మురళి.

"కొన్నావు. కొని మూడేళ్ళు గోనెసంచిలో ఉంచినావు."

ఉమాశంకర్ ఖాళీ సంచి మడిచి చంకన పెట్టుకుని, "మీరూ మీరూ తేల్చుకోండి బావా" అని వెళ్ళిపోయాడు. మురళి చెప్పులేసుకుని అతని వెనకే పోయాడు. తవిటమ్మ ఎప్పుడు పోయిందో చూడలేదు.

నాలుగు చెక్కలు తక్కువయ్యాయి. ధనలక్ష్మి కొట్టుకి పెళ్ళిళ్ళ రోజులు దగ్గరపడుతున్నాయి. పనస కర్ర ఇంకెక్కడుందో నాకు తెలుసు. మా వీధరుగు మీద ఎనిమిదడుగుల బల్ల ఉంది, రెండంగుళాల మందం. మా ఆయన కూర్చునే బల్ల. మా మావ కూర్చున్నాడు, ఆయన కూర్చున్నాడు, వచ్చిన మగవాళ్ళు కూర్చున్నారు. ఆడవాళ్ళం దాని పక్కన నేల మీద. యాభై ఏళ్ళకి పైగా దానికి నూనె రాసింది నేను. దాన్ని నేనొక్కదాన్నే వసారాలోకి ఈడ్చుకొచ్చాను. నేలంతా గీతలు పడ్డాయి. "దీన్ని కొయ్యి" అన్నాను.

ఈశ్వరి బల్లకేసి చూసింది. మురళి సాయంత్రం వచ్చి ఏం గొడవ చేస్తాడో దానికీ తెలుసు, నాకూ తెలుసు. టేపు తీసింది. నేను అలవాటు కొద్దీ కొస పట్టుకోబోయాను.

"అక్కర్లేదు," అంది. కొసకి మేకు కొట్టి, దానికి టేపు తగిలించి, తనే కొలుచుకుంది.

పది జతలూ అయ్యాయి, పాతపట్నం వెళ్ళాయి. ధనలక్ష్మి మళ్ళీ పది జతలు అడిగింది. ఈసారి కర్ర మిల్లునుంచి ఈశ్వరే బేరమాడి తెచ్చుకుంది. పాడైన ఆ నాలుగు చెక్కలూ మళ్ళీ గీసి ఇంట్లోకి పీటలు చేసింది. అందులో ఒకదాని మీదే కూర్చుని నేను పొద్దున్న కూరగాయలు తరుక్కుంటాను. అక్కడ్నించి వసారా కనబడుతుంది. "సెయ్యెట్టి సూడు" అని నన్ను పిలవడం మానేసింది. అత్తా అంటుంది, అంబలి పోస్తుంది, మందు వేసుకున్నావా అని అడుగుతుంది. ఆ ఒక్క మాట మాత్రం లేదు.

రోజూ పని మొదలుపెట్టే ముందు నా కళ్ళెదుటే పట్టాల నాలుగు మూలలా కింద వేలు పెట్టి చూసుకుంటుంది, ఏమన్నా ఉందేమోనని. అది వెతికేది నన్నే. నాకు తలెత్తుకోబుద్ధి కాదు, కత్తిపీట కేసి చూస్తూ కూర్చుంటాను. అయినా మానెయ్యమని ఒక్కనాడూ అడగలేదు, అడగను. వేలు పెట్టి చూసుకోవాలి. అంకెలు నాకు వచ్చు. ఆ రోజు షావుకారి మేడ దగ్గర మా ఆయన చేతిలోంచి టేపు తీసుకుని ఒక్కసారి నా కళ్ళతో నేను చూసుకుని ఉంటే, నా చెయ్యి ముప్పై ఏళ్ళు వంకరగా ఉండేది కాదు.